కేటలాగులో అంకెలు చదివి మందకు ఆంబోతును ఎంచుకోవడం ఎలా

ఫిబ్రవరి వచ్చేసరికి టెక్సస్‌లో పశువులున్న ప్రతి ఇంటికీ ఆంబోతుల వేలం కేటలాగులు రావడం మొదలవుతుంది. పేజీకి రెండో మూడో ఆంబోతులు. ఫొటో, పేరు, పుట్టిన తేదీ, తాతముత్తాతల పేర్లు, వాటి కింద చీమల బారులా అంకెలు. ఆ అంకెల దగ్గరికి రాగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. నేనూ అలా తిప్పేసినవాణ్ణే.

మనవి ఒంగోలు జాతిని చూసి పెరిగిన కళ్ళు. మూపురం ఎలా ఉంది, గంగడోలు ఎంత దిగింది, సుడి ఎక్కడ పడింది, నడకలో ఠీవి ఉందా అని చూస్తాం. బండలాగుడు పందేలకు జత కట్టేవాడికి ఆ చూపు చాలు. అక్కడ బండ లాగేది ఆ ఎద్దే కదా. మందకు ఆంబోతును తెచ్చేటప్పుడు సంగతి వేరు. అప్పుడు మనం డబ్బు పెడుతున్నది దానికి పుట్టబోయే దూడల మీద. అవి ఇంకా పుట్టలేదు కాబట్టి కంటికి కనపడవు. అంకెలతో పని పడేది అక్కడే.

నేను కొన్న మొదటి ఆంబోతును వీపు వెడల్పు చూసి కొన్నాను. మంచి ఆంబోతే, తప్పు దానిది కాదు. దాన్ని తొలిచూలు పెయ్యల మీద వదిలాను. ఆ సీజన్‌లో రెండు దూడల్ని గొలుసు వేసి లాగాల్సి వచ్చింది. రెండోదాని తల్లి దక్కలేదు. తర్వాత కేటలాగు తీసి చూస్తే, ఈ ప్రమాదం ఉందని చెప్పే అంకె మూడో గడిలోనే ఉంది. చదవలేదంతే.

ఇరవై, ముప్పై, యాభై ఆవులున్న చిన్న మందల వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల భూమి కొని, వ్యవసాయ పన్ను లెక్క కోసం ఆవుల్ని పెట్టి, మెల్లగా వాటి మీద ఇష్టం పెంచుకున్న మనవాళ్ళు కొందరున్నారు. మాంసం కోసం పశువుల్ని పెంచడం మీకు సమ్మతమా కాదా అన్నది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం. మంద పెట్టాక మాత్రం ఏ పెయ్యా ఈనలేక చావకూడదు, ఏడాది చివర లెక్క నష్టంలో తేలకూడదు. ఆ రెండూ ఆంబోతు ఎంపికతోనే మొదలవుతాయి.

ముందు ఈపీడీ అంటే ఏమిటో

కేటలాగులోని అంకెల్ని ఈపీడీలు అంటారు. రెండు ఆంబోతుల సంతానం మధ్య సగటున ఎంత తేడా ఉండొచ్చో చెప్పే అంచనా అన్నమాట. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ‘తేడా’.

ఒక ఆంబోతుకు వీనింగ్ వెయిట్, అంటే తల్లి నుంచి వేరుచేసే నాటి దూడ బరువు, ఈపీడీ +70 అని ఉందనుకోండి. దాని దూడలు 70 పౌండ్లు తూగుతాయని కాదు, మీ దూడల బరువు 70 పౌండ్లు పెరుగుతుందనీ కాదు. ఒంటరిగా ఆ అంకెకు అర్థం లేదు. పక్కన +50 ఉన్న ఇంకో ఆంబోతును పెట్టి చూడండి. రెంటినీ ఒకే రకం ఆవుల మీద, ఒకే గడ్డి మీద వదిలితే, తల్లి నుంచి వేరుచేసే నాటికి మొదటిదాని దూడలు సగటున 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు ఎక్కువ తూగుతాయి. మీ మందలో దూడలు అసలు ఎంత తూగుతాయన్నది మీ గడ్డి, మీ వాన, మీ ఆవుల చేతిలో ఉంటుంది. తేడా మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది.

సున్నా అంటే జాతి సగటు అనుకోవడం ఇంకో పొరపాటు. చాలా జాతుల్లో సున్నా ఏనాటిదో పాత గుర్తు. ఎంపిక చేసుకుంటూ వచ్చిన కొద్దీ సగటు దాన్ని దాటి ఎక్కడికో పోయింది. ‘ప్లస్ ఉంది కదా, మంచిదే’ అనుకుని కొన్న ఆంబోతు ఆ జాతిలో అడుగు నుంచి పదో శాతంలో ఉండొచ్చు.

ఈ అంచనా గాల్లోంచి ఊడిపడింది కాదు. ఆంబోతు సొంత బరువులు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం, ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష, అన్నిటినీ కలిపి, మేత వల్లా యాజమాన్యం వల్లా వచ్చిన తేడాల్ని తీసేసి కట్టే లెక్క ఇది. ఈ లెక్క పద్ధతికి పునాది వేసినవాడు చార్లెస్ హెండర్సన్ అనే శాస్త్రవేత్త. అమెరికాలో మాంసం జాతుల్లో మొదటి జాతీయ ఆంబోతుల పట్టికను 1971లో సిమెంటల్ అనే జాతి పెంపకందార్ల సంఘం వేసింది. యాంగస్ సంఘం ఇప్పుడు ప్రతి వారం లెక్క మళ్ళీ కడుతుంది. అందుకే అచ్చులో ఉన్న అంకె కన్నా వేలం నాటి ఉదయం సంఘం వెబ్‌సైట్‌లో కనిపించే అంకెనే నమ్మండి.

కేటలాగులో అసలు బరువులు కూడా వేస్తారు: పుట్టినప్పుడు ఇంత, ఏడాదికి ఇంత అని. వాటిని చూసి మోసపోకండి. దాణా తొట్టి దగ్గర పెరిగిన కోడె 1,300 పౌండ్లు తూగితే అందులో ఎంత రక్తం, ఎంత దాణా అన్నది ఆ బరువు చెప్పదు. మన ఊళ్ళో ‘తల్లి పూటకు పది లీటర్లు’ అని చెప్పి దూడను అమ్మడం లాంటిదే ఇది. ఆ పది లీటర్లలో తవుడు వాటా ఎంతో ఎవరికి తెలుసు? అసలు బరువులూ ఈపీడీ లెక్కలోకి చేరే వస్తాయి. మళ్ళీ విడిగా చూస్తే ఒకే సంగతిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

మొదటి అడుగు: కేటలాగు మూసి, మీ మందను కాగితం మీద పెట్టండి

మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. నిజంగానే కాగితం మీద రాయండి. వేలం దగ్గర మైకు మోత మొదలయ్యాక ఏదీ గుర్తుండదు.

ఈ ఆంబోతు ఎవరి మీదకు వెళ్తుంది? అన్నీ నాలుగైదు ఈతలు ఈనిన ఆవులా, లేక వాటిలో తొలిచూలు పెయ్యలున్నాయా? కష్టపు ఈతలు ఎక్కువగా రెండేళ్ళ పెయ్యల్లోనే వస్తాయి. ముదురు ఆవులు కాస్త పెద్ద దూడనైనా ఈనేస్తాయి.

మీరు అమ్మేది ఏమిటి? ఏడు నెలల దూడల్ని వేలానికి పంపేస్తారా, ఏడాది దాకా మేపుతారా? ఆడదూడల్ని మందలోకి ఉంచుకుంటారా? ఈ మూడోది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దూడలన్నిటినీ అమ్మేస్తే ఆంబోతు తప్పు ఆ ఏడాదితో పోతుంది. పెయ్యల్ని ఉంచుకుంటే అది పదేళ్ళు మీ చేలోనే మేస్తుంది. పెయ్యల్ని ఉంచుకునే మందలో ఇప్పుడున్న దూడల రక్తంలో సగం ఈ ఆంబోతుది, పావు వంతు ముందుదానిది, ఎనిమిదో వంతు అంతకు ముందుదానిది. వెరసి 87.5 శాతం గత మూడు ఆంబోతులదే.

మీ భూమి ఏం ఇస్తుంది, మీరు ఎంతసేపు ఉంటారు? వారాంతంలో మాత్రమే ఫార్మ్‌కు వెళ్ళేవాళ్ళకు సులువుగా ఈనడం, సాధు స్వభావం చాలా ముఖ్యం. మంగళవారం రాత్రి పెయ్య ఈనలేక పడి ఉంటే మీరు శనివారం గానీ చూడరు.

రెండో అడుగు: అంకెల కన్నా ముందు జాతి

ఒకే జాతిలో మంచి ఆంబోతును వెతికి సంపాదించే లాభం కన్నా, సరైన సంకరం వల్ల వచ్చేది చాలాసార్లు ఎక్కువ. అది కూడా చూలు కట్టడం, దూడ బతకడం, ఆవు ఎక్కువ ఏళ్ళు మందలో నిలవడం లాంటి విషయాల్లో. వీటిని ఎంపికతో మెరుగుపరచడం నెమ్మది, సంకరంతో త్వరగా వస్తాయి. మీ ఆవులన్నీ నల్ల యాంగస్‌లే అయితే ఇంకో యాంగస్ ఆంబోతు తేవడం కన్నా హెర్‌ఫర్డో, సిమెంటలో తేవడం గురించి ఆలోచించండి.

టెక్సస్ ఎండకు బ్రాహ్మన్ రక్తం కొంత ఉంటే మేలు. ఆ బ్రాహ్మన్ మనకు చుట్టమే. గిర్, గుజరాత్, నెలోర్, కృష్ణా వేలీ జాతులు కలిపి అమెరికాలో తయారుచేశారు దాన్ని. వాళ్ళు నెలోర్ అంటున్నది మన ఒంగోలునే. నెల్లూరు పేరు అట్లాంటిక్ దాటాక అలా మారింది. బ్రెజిల్ మందల్లో అత్యధికం ఆ నెలోరే. ఇక్కడ హెర్‌ఫర్డ్, బ్రాహ్మన్ కలిస్తే పుట్టే చారల ఆవుల్ని టైగర్ స్ట్రైప్ అంటారు. గల్ఫ్ తీరం వైపు వాటికి మంచి గిరాకీ.

ఒక్క హెచ్చరిక. బ్రాహ్మన్ ఆంబోతును యూరప్ జాతి ఆవుల మీద వదిలితే దూడలు బాగా బరువుగా పుడతాయి, ముఖ్యంగా మగదూడలు. అదే సంకరం తిరగేసి, బ్రాహ్మన్ ఆవు మీద యాంగస్ ఆంబోతును వదిలితే దూడ చిన్నగా పుడుతుంది. కాబట్టి యాంగస్ తొలిచూలు పెయ్యల మీద బ్రాహ్మన్ ఆంబోతు వద్దు, ఒంగోలు మీద ఎంత అభిమానమున్నా సరే. బ్రాహ్మన్ రక్తానికి గుర్తైన చెవులు పెద్దవైతే వేలంలో పౌండుకు కొంత ధర తగ్గిస్తారన్నదీ లెక్కలో ఉంచుకోండి. మీ ఆవుల్లో ఇప్పటికే బ్రాహ్మన్ రక్తం ఉంటే ఆంబోతు యూరప్ జాతిదైతేనే మేలు.

జాతి తేల్చుకున్నాకే ఈపీడీలు. ఎందుకంటే యాంగస్ సంఘం లెక్కనూ హెర్‌ఫర్డ్ సంఘం లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కొలబద్దలు వేరు. ఒకటి అడుగుల్లో, ఇంకొకటి మూరల్లో కొలిచినట్టు. తప్పనిసరిగా పోల్చాలంటే నెబ్రాస్కాలోని క్లే సెంటర్‌లో ఉన్న మాంసం పశువుల పరిశోధన కేంద్రం సవరణ పట్టిక ఇస్తుంది. ఆ పట్టికలో జాతికున్న అంకెను ఈపీడీకి కలిపి అప్పుడు పోల్చాలి. సిమెంటల్ సంఘంతో కలిసి ఒకే ఉమ్మడి లెక్కలో ఉన్న జాతులకు మాత్రం ఈ సవరణ అక్కర్లేదు.

మూడో అడుగు: ఇరవై గడుల్లో నాలుగైదు చాలు

కేటలాగులో పాతిక దాకా గడులుంటాయి. అన్నీ చూస్తే ఏదీ చూడనట్టే. మీ కాగితం మీది జవాబుల్ని బట్టి నాలుగైదు ఎంచుకోండి.

సీఈడీ, అంటే సులువుగా ఈనే అవకాశం. పెయ్యలుంటే ఇదే మొదటి గడి. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. ఒకదానికి +11, ఇంకోదానికి +2 ఉంటే, తొలిచూలు పెయ్యల్లో నూటికి తొమ్మిది ఎక్కువ సాయం లేకుండా ఈనుతాయని అర్థం. పక్కనే పుట్టుక బరువు ఈపీడీ కూడా ఉంటుంది, దాని పేరు బీడబ్ల్యూ. చాలామంది దాన్నే పట్టుకుంటారు. పుట్టుక బరువు సీఈడీ లెక్కలో ముందే కలిసి ఉంది. మనకు కావాల్సింది సులువుగా ఈనడం, బరువు అందులో ఒక కారణం మాత్రమే. కాబట్టి సీఈడీ చూస్తే చాలు. ముదురు ఆవులే ఉన్నవాళ్ళు ఈ గడికి పెద్దగా డబ్బు పెట్టక్కర్లేదు. మరీ చిన్న దూడల కోసం వెంటపడితే ఆ తర్వాత వచ్చే బరువూ తగ్గుతుంది.

డబ్ల్యూడబ్ల్యూ, అంటే 205 రోజుల నాటి దూడ బరువు. దూడల్ని ఆ వయసులో అమ్మేవాళ్ళకు రాబడి ఇదే. ఏడాది దాకా మేపేవాళ్ళు వైడబ్ల్యూ, అంటే ఏడాది వయసు నాటి బరువు చూడాలి.

మిల్క్. ఈ గడి మనవాళ్ళను బాగా తికమక పెడుతుంది. ఇది లీటర్ల లెక్క కాదు. ఈ ఆంబోతు కూతుళ్ళు రేపు తల్లులయ్యాక, వాటి పాల వల్ల వాటి దూడలు ఎన్ని పౌండ్లు అదనంగా తూగుతాయన్న లెక్క. పాలంటే ఎక్కువే మంచిదని మన బుద్ధి చెబుతుంది. ఇక్కడ ఆ బుద్ధిని కాస్త పక్కన పెట్టాలి. పాలు ఎక్కువిచ్చే ఆవు మేతా ఎక్కువే అడుగుతుంది. ఆగస్టులో బెర్ముడా గడ్డి ఎండిపోయి మీరు దాణా వేయకపోతే ఒళ్ళు కరిగించుకుని పాలిస్తుంది, మళ్ళీ ఎదకు రాదు. చూలు కట్టని ఆవు కన్నా ఖరీదైన పశువు మందలో ఉండదు. గడ్డి తక్కువున్నచోట మిల్క్ మధ్యస్థంగా ఉంటేనే క్షేమం. పెయ్యల్ని ఉంచుకోనివాళ్ళకు ఈ గడితో పనే లేదు.

పెయ్యల్ని ఉంచుకునేవాళ్ళు ముదురు ఆవు బరువు గడి కూడా చూడాలి. దూడ బరువు మీద మోజుతో ఏళ్ళ తరబడి ఎంపిక చేస్తే ఆవులు 1,100 పౌండ్ల నుంచి 1,500కు పెరిగిపోతాయి. అదే పొలంలో అప్పుడు తక్కువ ఆవులే పడతాయి.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకు నేను ఇంకో రెండు చెబుతాను. యాంగస్‌లో హెయిర్ షెడ్ అనే గడి ఉంది. చలికాలపు బొచ్చు ఎండాకాలానికి ముందు ఎంత తొందరగా రాలుతుందో చెప్పేది. ఇందులో అంకె తక్కువుంటేనే మంచిది. బొచ్చు రాల్చని నల్ల ఆవు జూన్‌లో చెరువు వదిలి రాదు, ఇంక మేసేదెప్పుడు? రెండోది డాసిలిటీ, అంటే సాధు స్వభావం, ఎక్కువుంటే మంచిది. ఇంట్లో పిల్లలుండి వాళ్ళు కంచె దగ్గరికి వెళ్తుంటే దీన్ని మొదటి వరసలో పెట్టండి.

గిట్టల గడులు, మాంసం నాణ్యత గడులు కూడా ఉంటాయి. గిట్టల అంకెలు యాంగస్‌లో తక్కువుంటే మేలు. దూడల్ని ఏడు నెలలకే అమ్మేవాళ్ళకు మాంసం నాణ్యతకు అదనపు ధర వేలంలో దక్కడం అరుదు. అది కొనేవాడి లాభం. అవసరమైనంత ఉందో లేదో చూసి వదిలేయండి.

నాలుగో అడుగు: జాతిలో ఎక్కడ నిలబడిందో చూడండి

ప్రతి సంఘమూ పర్సెంటైల్ పట్టిక ఇస్తుంది, కేటలాగు చివర గానీ వెబ్‌సైట్‌లో గానీ. మీరు ఎంచుకున్న గడులకు గీత గీసుకోండి. పెయ్యలున్న మందకైతే నేను సీఈడీలో పై 30 శాతంలో ఉండాలంటాను, దూడ బరువులో పై సగంలో ఉంటే చాలు, మిల్క్ మధ్యలో. ఇది నా గీత. మీది మీ కాగితాన్ని బట్టి. గీత దాటని వాటిని కేటలాగులో పెన్నుతో కొట్టేయండి. ఎనభై ఆంబోతులు పదిహేనుకు వస్తాయి. సగం పని అయిపోయింది.

ఏ గడిలోనైనా పై ఒక శాతంలో ఉందంటే మురిసిపోకండి, ఇంకో గడిలో దాని వెల కట్టించుకుంటుంది. ఎదుగుదలలో శిఖరాన ఉన్నది చాలాసార్లు ఆవు బరువులోనూ శిఖరం దగ్గరే ఉంటుంది.

అయిదో అడుగు: నమ్మకం ఎంత?

ఈపీడీ కిందే చిన్న అంకె ఒకటుంటుంది, .05 నుంచి .99 దాకా. అది యాక్యురసీ. ఎంత సమాచారం మీద ఆ అంచనా కట్టారో చెబుతుంది. ఏడాది కోడెకు తల్లిదండ్రుల లెక్క తప్ప ఏమీ లేకపోతే చాలా తక్కువ ఉంటుంది. వందల దూడలున్న కృత్రిమ గర్భధారణ ఆంబోతుకు .90 దాటుతుంది.

డీఎన్ఏ పరీక్ష చేసిన కోడెకు ఈ నమ్మకం బాగా పెరుగుతుంది. లక్షణాన్ని బట్టి పదీ ఇరవై దూడల్ని కని వాటి బరువులు తూచినంత సమాచారం ఆ ఒక్క పరీక్షతో వస్తుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువే. అందుకే ఈ రోజుల్లో డీఎన్ఏ పరీక్ష లేని కోడెను రిజిస్టర్డ్ మంద వాళ్ళు అమ్మకానికి పెడితే, ఎందుకు చేయించలేదని అడగండి.

నమ్మకం తక్కువంటే ఆంబోతు చెడ్డదని కాదు. అంచనా పైకైనా కిందికైనా జరగొచ్చని. ఎంత జరగొచ్చో సంఘం పట్టికలో ఉంటుంది. మూడింట రెండు ఆంబోతుల అసలు విలువ ఆ హద్దుల్లోనే పడుతుంది. ఎంపిక మాత్రం ఈపీడీ మీదే చేయాలి. యాక్యురసీని చూడాల్సింది ఎంత రిస్కు పెట్టాలో తేల్చుకోవడానికి. ఎనిమిది పెయ్యలున్నాయి, మీరు దగ్గర ఉండరు అంటే, వాటికి నమ్మకం ఎక్కువున్న ఆంబోతు వీర్యంతో సూది వేయించడం తెలివైన పని. వీర్యం నింపిన గొట్టం, అంటే స్ట్రా ధర ఆంబోతు ధరలో పిసరంత. ఆవుల మీదకు మామూలు కోడెను వదలండి.

ఆరో అడుగు: డాలర్ అంకె, చివర్లో

గడులన్నిటినీ కలిపి ఒక్క డాలర్ అంకెగా ఇచ్చేవి ఇండెక్సులు. యాంగస్‌లో డాలర్-ఎం పెయ్యల్ని ఉంచుకుని దూడల్ని అమ్మేవాళ్ళకు, డాలర్-బి మాంసం దాకా లెక్కపెట్టేవాళ్ళకు, డాలర్-సి రెంటినీ కలిపింది. సిమెంటల్‌లో ఏపీఐ పెయ్యల్ని ఉంచుకునేవాళ్ళకు, టీఐ అన్నీ అమ్మేసేవాళ్ళకు. వేలంలో బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా మాంసం ఇండెక్సే. మీరు పెయ్యల్ని ఉంచుకుంటూ దాన్ని చూసి కొంటే, ఇంకొకరి చొక్కా తొడుక్కున్నట్టే.

గీత దాటి మిగిలిన పదిహేను ఆంబోతుల్ని మీకు సరిపడే ఇండెక్సు ప్రకారం వరసలో పెట్టండి. పై ఆరింటినే వెళ్ళి చూడండి.

ఒక లెక్క చేసి చూద్దాం

ఊహా ఆంబోతులు మూడు తీసుకుందాం, ఒకే జాతివి. మొదటిదానికి సీఈడీ +2, దూడ బరువు +88, మిల్క్ +35. రెండోదానికి +11, +66, +24. మూడోదానికి +15, +45, +20. మీకు 25 పశువులు, అందులో ఎనిమిది తొలిచూలు పెయ్యలు. పెయ్యదూడల్ని ఉంచుకుంటారు. దాణా పెద్దగా వేయరు.

ఫొటోలో మొదటిదే బాగుంటుంది, అది ఖాయం. దూడ బరువులో రెండోదానికన్నా 22 పౌండ్లు ముందుంది. పెయ్యల్లో మాత్రం నూటికి తొమ్మిది తేడా. ఎనిమిది పెయ్యలకు అది ఒకటి కూడా కాదు కదా అనిపిస్తుంది. ఆ ఒక్క ఈతలోనే పెయ్య, దూడ రెండూ పోతే ఆ ఏడాది అదనపు పౌండ్లన్నీ అక్కడే పోతాయి. పైగా +35 పాల కూతుళ్ళు మీ గడ్డి మీద నిలవలేవు. మూడోది పెయ్యలకు భద్రం, కానీ రెండోదాన్ని వదిలి దాన్ని తీసుకుంటే దూడకు 21 పౌండ్లు వదులుకోవాలి. మీకు సరిపడేది రెండోదే. మీ పక్క పొలాయనకు అన్నీ ముదురు ఆవులే ఉండి, దూడలన్నిటినీ అమ్మేస్తుంటే ఆయనకు మొదటిదే సరి. ఒకే కేటలాగు, ఇద్దరికీ వేరు వేరు జవాబులు.

ఏడో అడుగు: ఎంత దాకా పాడాలి?

వేలానికి వెళ్ళేముందే పై ధర రాసుకోవాలి. రెండు ఆంబోతుల మధ్య 20 పౌండ్ల తేడా ఉందనుకోండి. ఏడాదికి 22 దూడలు చేతికొస్తే 440 పౌండ్లు. దీన్ని పూర్తి ధరతో గుణించకండి. దూడ బరువు పెరిగే కొద్దీ పౌండు ధర తగ్గుతుంది కాబట్టి అదనపు పౌండుకు వచ్చేది సగటు ధర కన్నా తక్కువ. లెక్క కోసం డాలరున్నర అనుకుందాం. ఏడాదికి 660 డాలర్లు, నాలుగేళ్ళకు 2,640. ఆ తేడా కోసం అంతకు మించి పెట్టడం దండగ. మీ ఊరి ధరలు వేసి ఇదే లెక్క కట్టుకోండి.

ఈ లెక్కను రెండువైపులా వాడండి. చవగ్గా దొరికిందని అడుగు శాతపు ఆంబోతును తెస్తే, మిగిల్చిన 1,500 డాలర్లు మూడేళ్ళలో దూడల బరువు రూపంలో పోవచ్చు.

ఇప్పుడు కళ్ళకు పని

ఆరు ఆంబోతుల దగ్గరికి వచ్చాక మన ఒంగోలు చూపు పనికొస్తుంది. ఈపీడీలు చెప్పనివి చాలా ఉన్నాయి. వేలానికి ఒక గంట ముందే వెళ్ళి, దొడ్లో నడిపించమనండి. వెనక్కాలి అడుగు ముందుకాలి అడుగు దగ్గర పడుతోందా? కుంటుతోందా? గిట్టలు కత్తెరలా ఒకదాని మీదకొకటి ఎక్కాయా? దగ్గరికి వెళ్తే తల ఎత్తి కంచె దూకేలా చూస్తోందా?

కాగితాలు అడగండి. పశువైద్యుడు చేసిన సంతానోత్పత్తి పరీక్ష ఉండాలి. 15 నెలల లోపు కోడెకు వృషణాల చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు, వీర్యకణాల్లో కనీసం 70 శాతం సరైన ఆకారంలో, 30 శాతం చురుగ్గా కదులుతూ ఉండాలి. ముందే ఆవుల మీద తిరిగిన ఆంబోతైతే ట్రిక్ అనే, ఆవుతో కలిసినప్పుడు అంటుకునే జబ్బుకు పరీక్ష రిపోర్టు లేకుండా ట్రక్కు ఎక్కించకండి. ఆ జబ్బు మందలోకి వస్తే చూళ్ళు నిలవవు, పైకి ఏమీ కనపడదు. జన్యులోపాల పరీక్ష ఫలితాలు కూడా పేరు పక్కనే కోడ్‌గా ఉంటాయి. 2008లో యాంగస్‌లో వంకర దూడల లోపం బయటపడినప్పటి నుంచి వీటిని జాగ్రత్తగా చూస్తున్నారు. పెయ్యల్ని ఉంచుకునేవాళ్ళు లోపం మోసే ఆంబోతును తేకపోవడమే మంచిది.

కొని తెచ్చాక వెంటనే గడ్డి మీద వదిలేయకండి. వేలం కోసం దాణాతో నింపి ఉంటారు, ఒక్కసారి ఆపేస్తే ఒళ్ళు జారిపోతుంది. నెల రోజులు మెల్లగా తగ్గించండి. ఏడాది కోడెకు దాని వయసు నెలల్లో ఎంతో అన్ని ఆవులే: 15 నెలలైతే 15 ఆవులు. పైన మన ఊహా లెక్కలో 25 పశువులున్నాయి కాబట్టి ఏడాది కోడె ఒక్కటే చాలదు. రెండేళ్ళు దాటినదాన్ని కొనాలి, లేదా పెయ్యలకు సూది వేయించాలి.

మర్నాటి నుంచి మీ పుస్తకం

చెవి ట్యాగులు, ఒక నోట్‌బుక్, అద్దెకైనా ఒక తూకం. దూడ పుట్టిన తేదీ, తల్లి నంబరు, సాయం పట్టామా లేదా, వేరుచేసిన నాటి బరువు. ఇంతే రాయండి. ఒకే ఏడాది రెండు ఆంబోతుల్ని వాడితే ఏ దూడ ఏదానిదో కూడా. ఒకటో రెండో దూడలు నిరాశపరిస్తే కంగారు పడకండి. ఒకే తండ్రికి పుట్టిన పిల్లలంతా ఒకేలా ఉంటారా మన ఇళ్ళల్లో? ఇరవై దూడల సగటు చూడండి.

రెండో ఏడాది వీనింగ్ అయ్యాక ఆ నోట్‌బుక్ తీసి, మొదట రాసుకున్న కాగితం పక్కన పెట్టండి. ఈ ఆంబోతు కూతుళ్ళు అప్పటికి పొడవు పెరిగి కంచె అవతల నిలబడి ఉంటాయి. వాటి మీదకు తండ్రినే వదలకూడదు కాబట్టి, ఆ ఫిబ్రవరిలో వచ్చే కేటలాగు కోసం ప్రశ్నలు మళ్ళీ కొత్తగా రాసుకోవాల్సి ఉంటుంది.